పుట్టిలో కూర్చుని బోటు దూరం కొలవడం: పీఏబీఆర్ జలాశయంలో ఒక పాసివ్ సోనార్ కేస్ స్టడీ

పాసివ్ సోనార్ తన నుంచి ఏ చప్పుడూ పంపదు. అవతలి బోటు చేసే చప్పుడు నీళ్లలో వచ్చి హైడ్రోఫోన్లకు, అంటే నీళ్లలో వినే మైకులకు, తగిలితే, అది ఏ దిక్కు నుంచి వచ్చిందో చెబుతుంది. అంతే. దూరం చెప్పదు. యాక్టివ్ సోనార్‌లో పింగ్ పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయంతో దూరం లెక్కేయవచ్చు. కానీ పింగ్ చేసినవాడు ఎక్కడున్నాడో చుట్టుపక్కల వినేవాళ్లందరికీ తెలిసిపోతుంది. సబ్‌మెరైన్ మౌనంగా వింటూ తిరిగేది అందుకే. వినబడే దిక్కుల్లోంచి దూరాన్ని, వేగాన్ని, పోయే దారిని రాబట్టడమే ఈ రంగంలో అసలు పని. దీన్ని టార్గెట్ మోషన్ అనాలిసిస్ అంటారు.

అనంతపురంలో ఇంజనీరింగ్ పిల్లలకు నేను సిగ్నల్ ప్రాసెసింగ్ చెబుతాను. ఈ అంశం మీద ప్రాజెక్టు చేసే ఎంటెక్ విద్యార్థులు దాదాపు అందరూ మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనే మొదలుపెట్టి మ్యాట్‌ల్యాబ్‌లోనే ముగిస్తారు. అక్కడ దిక్కుల్లో కలిపే దోషం మనం ఎంచుకున్నదే కాబట్టి, ఏ ఫిల్టర్ (దోషాలున్న కొలతల్లోంచి అసలు విలువను అంచనా వేసే లెక్క) పెట్టినా ఎంతో కొంత పనిచేస్తుంది. ఫిల్టర్ పేరు మార్చి ఫలితం మెరుగైందని రాస్తారు. నాకు అది చాలలేదు. దూరం ఫిల్టర్‌లోంచి పుట్టదని, వినేవాడు తన పడవను ఎలా నడిపాడన్న దాంట్లోంచి పుడుతుందని పిల్లలు నీళ్ల మీద చూడాలనుకున్నాను. ఈ కేసు అందుకోసం చేసింది.

సముద్రం లేని జిల్లాలో సోనార్ ఏమిటని అడిగినవాళ్లున్నారు. నీళ్లలో ధ్వని వేగాన్ని పేరుపొందిన తొలి ప్రయోగంలో కొలిచింది సరస్సులోనే. 1826లో కొలాడాన్, స్టర్మ్ అనే ఇద్దరు జెనీవా సరస్సు మీద దూరదూరంగా రెండు పడవలు నిలిపారు. ఒక పడవ కింద నీళ్లలో గంట కొట్టి, రెండో పడవ నుంచి విని, 8 డిగ్రీల నీటిలో ధ్వని సెకనుకు 1435 మీటర్లు పోతుందని తేల్చారు. మన నౌకాదళానికి సోనార్లు రూపొందించే డీఆర్‌డీఓ ప్రయోగశాల ఎన్‌పీఓఎల్ కొచ్చిలో, సముద్రం పక్కనే ఉంది. అయినా దాని పరీక్షా కేంద్రం ఇడుక్కి జలాశయంలో, కుళమావు దగ్గర ఉంది. అలలు, ఓడల రద్దీ లేని లోతైన మంచినీళ్లు పరీక్షకు అనుకూలం. మాకు ఇడుక్కి అంత లోతు లేదు గానీ పీఏబీఆర్ (పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు) ఉంది. కూడేరు మండలం కొర్రకోడు దగ్గర పెన్న మీద కట్టిన ఈ డ్యాంకు తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీళ్లు, హంద్రీ-నీవా నీళ్లు చేరతాయి. అనుమతి తీసుకుని, చేపలు పట్టేవాళ్ల సాయంతో పని మొదలుపెట్టాం.

పరికరం

టార్గెట్ ఒక ఫైబర్ బోటు. వెనక ఔట్‌బోర్డు మోటారు, మూడు రెక్కల ప్రొపెల్లర్. అందులో జీపీఎస్ లాగర్ పెట్టాం. దాని రికార్డును విశ్లేషణ పూర్తయ్యేదాకా తెరవకూడదనేది ముందే పెట్టుకున్న నియమం. జవాబు తెలిసి లెక్క చేస్తే, ఆ లెక్క ఎప్పుడూ జవాబు వైపే ఒరుగుతుంది.

వినేవాళ్ల పడవగా గుండ్రటి బుట్టలాంటి పుట్టిని ఎంచుకున్నాం. ఇంజను ఉన్న పడవలో కూర్చుంటే ముందు మన ఇంజనే వినబడుతుంది. పుట్టికి తెడ్డు తప్ప చప్పుడు లేదు. వెదురు అల్లిక మీద ప్లాస్టిక్ పట్టా, తారు పూత. ఇనుము లేదు కాబట్టి ఎలక్ట్రానిక్ దిక్సూచి కూడా తప్పుదారి పట్టదు. ఇంకో గొప్ప సుగుణం తర్వాత తెలిసింది. దానికి ముందూ వెనకా లేవు. తెడ్డు వేసే మనిషి ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిగితే చాలు, వెంటనే ఎదురు దిశలో కదులుతుంది. పెద్ద పడవలా వంద మీటర్ల వంపు తిరగక్కర్లేదు.

పుట్టి అంచుకు రెండు వెదురు గడలు నిలువుగా కట్టి, నీళ్లలో రెండున్నర మీటర్ల లోతున వాటికి అడ్డంగా ఒక పీవీసీ పైపు బిగించాం. దాని మీద 0.75 మీటర్ల ఎడంతో నాలుగు హైడ్రోఫోన్లు. పైపు లోపల గాలి ఉంటే అదే ధ్వనిని వెనక్కి కొడుతుంది కాబట్టి బెజ్జాలు పెట్టి నీళ్లు నింపాం. హైడ్రోఫోన్లకూ పైపుకూ మధ్య సైకిలు ట్యూబు ముక్కలు చుట్టాం. లేకపోతే గడ మీద నీరు కొట్టిన చప్పుడంతా వాటిలోకి పాకుతుంది. నాలుగు చానెళ్ల రికార్డరు, సెకనుకు 48,000 నమూనాలు. దిక్సూచి కూడా పైపు మీదే బిగించాం.

దిక్కు రాబట్టే పద్ధతి పాతదే. మొదటి హైడ్రోఫోనుకూ చివరి దానికీ మధ్య దూరం 2.25 మీటర్లు. ధ్వని పక్క నుంచి వస్తే రెండింటికీ ఒకేసారి తగులుతుంది. కొన నుంచి వస్తే రెండో దానికి 1.5 మిల్లీసెకన్లు ఆలస్యంగా తగులుతుంది. ఈ ఆలస్యాన్ని, రెండు రికార్డులను జరిపి జరిపి ఎక్కడ బాగా కలుస్తాయో చూసే క్రాస్ కోరిలేషన్‌తో కొలిస్తే కోణం వస్తుంది. రెండు నమూనాల మధ్య కాలం దాదాపు 21 మైక్రోసెకన్లు. పక్క నుంచి వచ్చే ధ్వనికి అది 0.8 డిగ్రీలతో సమానం. ఒక్కో దిక్కులో ఒక డిగ్రీ దోషం ఉంటుందని ముందే రాసుకున్నాం, అంతకంటే ఎక్కువ ఆశపడలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఒకే గీత మీద ఉన్న హైడ్రోఫోన్లకు కుడి, ఎడమ తేడా తెలియదు. ఈ వైపు బోటుకూ, పైపుకు అవతల అద్దంలో కనబడినట్టుండే బోటుకూ ఆలస్యం ఒకటే. సముద్రంలో దీనికోసం ఓడే దారి మార్చి చూస్తుంది. మా దగ్గర పుట్టి ఆ పని తనంతట తానే చేసింది. తెడ్డు వేస్తున్నప్పుడు అది మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతూనే ఉంటుంది. పైపు 10 డిగ్రీలు తిరిగితే అసలు బోటు దిక్కు మారదు, అద్దంలోని బోటు మాత్రం 20 డిగ్రీలు జరుగుతుంది. ఏది నిలిచిందో చూస్తే ఏది నిజమో తెలిసిపోతుంది. తిరుగుడు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. బోటు పైపుకు పక్కగా వచ్చిన క్షణాల దిక్కులకే ఎక్కువ బరువు ఇవ్వవచ్చు. కొన వైపు నుంచి వచ్చే ధ్వనికి, నీటి ఉష్ణోగ్రత తెలియక ధ్వని వేగంలో ఒక్క శాతం తేడా వచ్చినా దిక్కు బాగా చెదురుతుంది; పక్క నుంచి వచ్చేదానికి చెదరదు.

తెడ్డు వేసే అన్నను మా పిల్లలు మొదట్లో "అన్నా, పుట్టి తిరక్కుండా తోలు" అని అడిగారు. "తిరక్కుండా యాడ పోతాది అప్పా? తిరిగేదే దాని గుణం. రెండు పక్కలా తెడ్డేస్తే తగ్గుతాది గానీ నిలబడదు" అన్నాడు. నిలబెట్టవద్దని నేను చెప్పాను.

ఒకే దిక్కుల వరుస, మూడు బోట్లు

రాత్రిపూట బస్సు కిటికీలోంచి దూరంగా ఒక దీపం వెనక్కి జరుగుతూ కనబడితే, అది దగ్గర్లో నిలిచిన దీపమా, దూరంలో కదులుతున్న లారీదా అని బస్సు తిన్నగా పోతున్నంతసేపూ చెప్పలేం. మా సమస్య అచ్చంగా అదే.

అంకెల్లో చూద్దాం. పుట్టి తూర్పుకు సెకనుకు అర మీటరు పోతోంది. ఉత్తరాన 800 మీటర్ల దూరంలో బోటు తూర్పుకే సెకనుకు 3 మీటర్లు పోతోంది. పుట్టితో పోలిస్తే దాని వేగం 2.5 మీటర్లు, అంటే దిక్కు సెకనుకు 0.18 డిగ్రీలు మారుతుంది. ఇప్పుడు 400 మీటర్ల దూరంలో సెకనుకు 1.75 మీటర్లు పోయే బోటును ఊహించండి. పోలిక వేగం 1.25, దిక్కు మార్పు అదే 0.18. 1600 మీటర్ల దూరంలో 5.5 మీటర్ల వేగంతో పోయే బోటుకూ అంతే. ఈ మూడు బోట్ల దిక్కులు మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా ఒక్క చుక్క తేడా లేకుండా కలిసిపోతాయి. ఎంతసేపు విన్నా, ఎంత మంచి హైడ్రోఫోను పెట్టినా, ఏ ఫిల్టర్ వాడినా ఇది విడిపోదు. విడదీసే సమాచారం ఆ ధ్వనిలోనే లేదు.

డాప్లర్ ఉంది కదా అని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. బోటు మన ముందు నుంచి దాటిపోతున్నప్పుడు దాని స్వరం ఎంత త్వరగా పడిపోతుందో చూస్తే దూరం తెలుస్తుంది, నిజమే. ప్రొపెల్లర్ నిమిషానికి 1500 సార్లు తిరిగితే సెకనుకు 25 సార్లు. మూడు రెక్కలు కాబట్టి 75 హెర్ట్జ్ స్వరం. 800 మీటర్ల దూరంలో, 3 మీటర్ల వేగంలో ఆ స్వరం మారే గరిష్ఠ వేగం సెకనుకు 0.0006 హెర్ట్జ్ కూడా ఉండదు. బోటు నడిపే మనిషి థ్రాటిల్ మీద చెయ్యి కదిలిస్తే వచ్చే మార్పు దీనికి ఎన్నో రెట్లు. స్థిరంగా తిరిగే పెద్ద ఓడ యంత్రాలకు డాప్లర్ పనికొస్తుంది, ఔట్‌బోర్డుకు కాదు.

మిగిలిన దారి ఒక్కటే. మనం కదిలే తీరు మార్చాలి. తిన్నగా, ఒకే వేగంతో పోయే భాగాన్ని లెగ్ అంటాం. మొదటి లెగ్ తూర్పుకు, రెండో లెగ్ పడమరకు. పుట్టి పడమరకు మళ్లగానే అసలు బోటుతో పోలిక వేగం 3.5 అవుతుంది, దిక్కు మార్పు సెకనుకు 0.25 డిగ్రీలకు పెరుగుతుంది. 400 మీటర్ల బోటుకైతే అది 0.32కు పెరిగేది, 1600 మీటర్ల బోటుకైతే 0.21కు మాత్రమే. అప్పటిదాకా ఒక్కటిగా ఉన్న మూడు బోట్లూ అప్పుడు విడిపోతాయి.

ఎక్‌లుండ్ అనే అమెరికా నౌకాదళ అధికారి 1958లో దీన్ని చేతిలెక్కగా మార్చాడు. చూపు రేఖకు అడ్డంగా మన వేగంలో తెచ్చిన మార్పును, రెండు లెగ్‌ల దిక్కు మార్పు వేగాల తేడాతో భాగించాలి. మా విషయంలో మన వేగం తూర్పుకు అర మీటరు నుంచి పడమరకు అర మీటరుకు మారింది. మొత్తం మార్పు 1 మీటరు. దిక్కు మార్పు వేగాల తేడా 0.07 డిగ్రీలు, అంటే 0.00125 రేడియన్లు. భాగిస్తే 800. బోటు ఎంత వేగంగా పోతుందో తెలియాల్సిన అవసరమే లేదు. ఇంత చిన్న సూత్రం అంత పెద్ద చీకటిని తొలగించడం నాకు ఇప్పటికీ ఆనందంగా ఉంటుంది.

ఖచ్చితత్వం మాత్రం ఖరీదైనది. సెకనుకు ఒక దిక్కు, ప్రతి దిక్కులో ఒక డిగ్రీ దోషం, 60 సెకన్ల లెగ్ అనుకుంటే, ఒక్కో లెగ్‌లో వాలు (దిక్కు మార్పు వేగం) దోషం సెకనుకు 0.0075 డిగ్రీలు. రెండు లెగ్‌లకు కలిపి దాదాపు 0.0105. మనం వెతికే తేడా 0.07. అంటే దూరంలో 15 శాతం దోషం, 800 మీటర్లకు 120 మీటర్లు. లెగ్‌ను రెట్టింపు చేస్తే దోషం 5 శాతానికి దిగుతుంది. అయితే అంతసేపు బోటు తిన్నగా పోవాలి కదా. వల వేసే బోటు అలా పోదు. మన వేగం పెంచితే కూడా దోషం తగ్గుతుంది, కానీ పెంచాలంటే ఇంజను కావాలి, ఇంజను వస్తే వినబడదు. యుద్ధనౌకలు వేగంగా కొంత దూరం పోయి, యంత్రాలు తగ్గించి విని, మళ్లీ పోయే అలవాటు ఈ ఇరకాటం నుంచి పుట్టిందే.

రెండు లెక్కలు కలవలేదు

కేసులో నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే.

రికార్డుల మీద రెండు ఫిల్టర్లు నడిపించాం. ఒకటి బోటు స్థానాన్ని, వేగాన్ని తూర్పు-ఉత్తర అక్షాల్లో పట్టుకునే మామూలు ఎక్స్‌టెండెడ్ కాల్మన్ ఫిల్టర్. రెండోది 1983లో ఐడాలా, హామెల్ ప్రతిపాదించిన మోడిఫైడ్ పోలార్ రూపం. ఇందులో నాలుగు అంకెలు ఉంటాయి: దిక్కు, దిక్కు మారే వేగం, దూరం మారే వేగాన్ని దూరంతో భాగించినది, దూరానికి విలోమం. ఈ ఎంపికలోనే దాని తెలివంతా ఉంది. మొదటి మూడూ మనం తిన్నగా పోతున్నా తెలుస్తాయి. నాలుగోది మనం మలుపు తీసుకుంటేనే తెలుస్తుంది. తెలిసేదాన్నీ తెలియనిదాన్నీ వేరువేరు గదుల్లో ఉంచింది కాబట్టి, ఒకదాని దోషం ఇంకోదానిలోకి కారదు.

మొదటి లెగ్‌లోనే ఇద్దరి స్వభావం బయటపడింది. మామూలు ఫిల్టర్‌ను 400 మీటర్లతో మొదలుపెడితే ఆ చుట్టుపక్కలే స్థిరపడి, తన అనిశ్చితిని తగ్గించుకుంటూ పోయింది. 1600తో మొదలుపెడితే అక్కడా అంతే. మలుపు రాకముందే తనకు దూరం తెలిసిపోయిందని ప్రకటించింది. ఈ జబ్బును ఐడాలా 1979లోనే వివరించాడు. ఫిల్టర్ తన తప్పు అంచనా దగ్గర సమీకరణాలను సరళం చేసుకుంటుంది, ఆ సరళీకరణ లేని సమాచారాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. పోలార్ రూపం మాత్రం మలుపు దాకా దూరం మీద నోరు విప్పలేదు. ఒక కొలత పరికరంలో నేను అన్నిటికంటే విలువిచ్చే గుణం అదే.

మలుపు తర్వాత అసలు సమస్య వచ్చింది. పుట్టి ముందు తూర్పుకు పోయి పడమరకు మళ్లిన పరుగుల్లో పోలార్ ఫిల్టర్ బోటును 400 మీటర్ల దగ్గరికి లాక్కొచ్చింది. ముందు పడమరకు పోయి తూర్పుకు మళ్లిన పరుగుల్లో బోటును జలాశయం గట్టు దాటించి, ఎక్కడో చేలల్లో పెట్టింది. అదే రికార్డుల మీద ఎక్‌లుండ్ చేతిలెక్క వేస్తే రెండు రకాల పరుగుల్లోనూ ఏడెనిమిది వందల మీటర్ల ప్రాంతంలోనే వచ్చింది.

జీపీఎస్ రికార్డు తెరవాలని అందరికీ చెయ్యి లాగింది. తెరవలేదు. తెరిస్తే ఎవరు తప్పో తెలుస్తుంది గానీ ఎందుకు తప్పో తెలియదు. పిల్లలు ఫిల్టర్ మార్చి పార్టికిల్ ఫిల్టర్ పెడదామన్నారు. నేను వద్దన్నాను. 1958 నాటి సూత్రానికి అందినది, అదే దిక్కుల మీద ఆధునిక ఫిల్టర్‌కు అందలేదంటే, ఆ రెండూ దిక్కుల్లోంచి వేరువేరు విషయాలు తీసుకుంటున్నాయని అర్థం. ఆ తేడా ఏమిటో చూడాలి.

తేడా ఇది. ఎక్‌లుండ్ ప్రతి లెగ్ లోపలి వాలును మాత్రమే చూస్తాడు. ఒక లెగ్‌లోని దిక్కులన్నీ ఒకే మొత్తం పైకో కిందికో జరిగినా వాలు మారదు. ఫిల్టర్ అలా కాదు, మొత్తం వరుసను ఒకే గీతగా చూస్తుంది. రెండు లెగ్‌ల మధ్య దిక్కులు ఒక్కసారిగా మెట్టులా జరిగితే, ఆ మెట్టును కూడా దూరం గురించిన వార్తగానే చదువుతుంది. మలుపు తెచ్చే అసలు మార్పు, పుట్టి ముందు ఏ వైపు పోయిందన్న దాన్ని బట్టి గుర్తు మారుతుంది. కాబట్టి మలుపు దగ్గర ఎక్కడో మెట్టు ఉండాలి, అది పుట్టి ముందు ఏ వైపు పోయినా ఒకే గుర్తుతో ఉండాలి.

అప్పుడు తెడ్డు గుర్తొచ్చింది. ముందు ఏ వైపు పోయినా, మొదటి లెగ్‌లో అన్న ఒకే చేతివాటంగా తెడ్డు వేస్తాడు, పుట్టి ఒక వైపు తిరుగుతుంది. మళ్లేటప్పుడు ఎదురు పక్కకు జరిగి చెయ్యి మారుస్తాడు, పుట్టి ఎదురు వైపు తిరుగుతుంది. తిరుగుడు వేగం సెకనుకు దాదాపు 10 డిగ్రీలు. దిక్సూచి చెప్పే కోణం రికార్డరులోని ధ్వని కంటే కొంచెం ఆలస్యంగా నమోదైతే, ఆ ఆలస్యం తిరుగుడుతో గుణించబడి దిక్కులో దోషంగా మారుతుంది. తిరుగుడు దిశ మారితే దోషం గుర్తు మారుతుంది.

పరీక్షించడం తేలికే. జలాశయంలో లంగరు వేసిన ఒక తెప్ప కింద చప్పుడు చేసే స్పీకరు వేలాడదీశాం. పుట్టిని ఒకే చోట నిలిపి, ముందు సవ్యంగా, తర్వాత అపసవ్యంగా తిప్పమన్నాం. కదలని స్పీకరు రెండు చోట్ల కనబడింది. ఒక దిక్కుకూ ఇంకో దిక్కుకూ మధ్య ఎడం 4 డిగ్రీలు. సగం చేస్తే 2. సెకనుకు 10 డిగ్రీల తిరుగుడుతో భాగిస్తే ఆలస్యం 0.2 సెకను. దిక్సూచి మాడ్యూల్ తన లోపల కోణాన్ని నునుపు చేసుకోవడం ఒక భాగం, రికార్డరు బఫర్ ఇంకో భాగం.

ఐదో వంతు సెకను ఆలస్యం దూరాన్ని అంతగా ఎలా పాడుచేసింది? 60 సెకన్ల రెండో లెగ్‌లో మలుపు వల్ల దిక్కుల్లో అదనంగా చేరే మార్పు మొత్తం 4.3 డిగ్రీలు. మన దోషపు మెట్టు 4 డిగ్రీలు. రెండూ ఒకే పరిమాణం. మెట్టు మలుపుకు తోడైతే ఫిల్టర్ రెట్టింపు మార్పును చూసి, దూరం సగమే అనుకుంటుంది. ఎదురైతే మార్పే లేదనుకుని, బోటును అంతులేని దూరానికి నెడుతుంది. సగం దూరం, గట్టు దాటిన దూరం, రెండూ కలిపి ఒకే కారణం చెప్పాయి.

దిక్సూచి సమయాన్ని 0.2 సెకను వెనక్కి జరిపి అవే రికార్డుల మీద ఫిల్టర్‌ను మళ్లీ నడిపించాం. తూర్పు పరుగులు, పడమర పరుగులు ఒకదానికొకటి దగ్గరకు వచ్చాయి. అప్పుడు జీపీఎస్ తెరిచాం. అంచనాలకూ నిజానికీ మధ్య తేడా, ముందు లెక్కేసుకున్న 15 శాతం చుట్టుపక్కలే ఉంది. అంతకంటే బాగా వచ్చి ఉంటే నేను అనుమానపడేవాణ్ణి. పుట్టికి, ఆ హైడ్రోఫోన్లకు, ఆ 60 సెకన్లకు అంతకంటే సమాచారం లేదు.

గోడ నుంచి వచ్చిన బోటు

డ్యాం గేట్ల వైపు పనిచేసినప్పుడు క్రాస్ కోరిలేషన్‌లో రెండో శిఖరం లేచింది. ఒక బోటు తూర్పుకు పోతుంటే ఇంకోటి దానికి ఎదురుగా వస్తున్నట్టు కనబడింది. నీళ్ల మీద మాత్రం ఒక్కటే బోటు. కాంక్రీటు గోడ నుంచి ధ్వని తిరిగి వస్తే, గోడ వెనక అద్దపు బోటు ఒకటి పుడుతుంది; అసలుది గోడ వైపు పోతే అదీ గోడ వైపే వస్తుంది.

రెండూ ఒకే బోటువని తేల్చాలంటే గొంతు పోల్చాలి. 75 హెర్ట్జ్ స్వరాన్ని నేరుగా వెతికితే కొన్నిచోట్ల దొరికింది, కొన్నిచోట్ల మాయమైంది. లోతు తక్కువైన నీళ్లు కొంత పౌనఃపున్యం కంటే కింది ధ్వనిని దూరం పోనివ్వవు. గట్టి అడుగున్న చోట ఆ హద్దు ధ్వని వేగాన్ని లోతుకు నాలుగు రెట్లతో భాగించినంత. 10 మీటర్ల లోతులో అది 37.5 హెర్ట్జ్, 5 మీటర్ల లోతులో సరిగ్గా 75. బురద అడుగైతే హద్దు ఇంకా పైకి పోతుంది. అంటే బోటు లోతు తక్కువ వైపు పోగానే దాని అసలు స్వరం నీళ్లలోనే చచ్చిపోతుంది. అయితే ప్రొపెల్లర్ రెక్కల దగ్గర నీటిలో బుడగలు పుట్టి పగిలే బుసబుస చప్పుడు కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది, అది బాగానే ప్రయాణిస్తుంది. రెక్క తిరిగిన ప్రతిసారీ ఆ బుస పెరిగి తగ్గుతుంది. బుస ఎత్తుపల్లాలను విడదీసి చూస్తే అదే 75 మళ్లీ బయటపడుతుంది. దీన్ని డెమన్ విశ్లేషణ అంటారు. రెండు శిఖరాల దిక్కుల నుంచీ విడివిడిగా డెమన్ తీస్తే ఒకే రెక్కల లెక్క వచ్చింది, థ్రాటిల్ తగ్గినప్పుడు రెండూ కలిసి తగ్గాయి. అద్దపు బోటును తీసేశాం.

వేళ

ఈ పనంతా తెల్లవారుజామున చేయాలి. మా ప్రాంతపు గాలి సంగతి తెలిసిందే. రామగిరి, వజ్రకరూరు వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో మధ్యాహ్నం జలాశయం మీద అలలు లేస్తే, వాటి చప్పుడే హైడ్రోఫోన్లను నింపేస్తుంది.

గాలి లేని ఎండాకాలం మధ్యాహ్నం ఇంకా మోసకారి. పైనీరు 31 డిగ్రీలు, 5 మీటర్ల లోతులో 27 అనుకుంటే, పైన ధ్వని వేగం కింద కంటే సెకనుకు 10 మీటర్ల దాకా ఎక్కువ. వేగం తక్కువ ఉన్న వైపుకు ధ్వని వంగుతుంది, అంటే కిందికి. ఈ లెక్కన అడ్డంగా బయల్దేరిన కిరణం 100 మీటర్లు పోయేసరికి ఆరేడు మీటర్లు దిగిపోతుంది. దగ్గర్లోని బోటు స్పష్టంగా వినబడి, కొంచెం దూరం పోగానే అడుగుకు తగిలి వచ్చిన ముక్కలే మిగులుతాయి. 1930లలో అమెరికా నౌకాదళం సోనార్లు మధ్యాహ్నం వేళ చెడిపోతున్నట్టు కనబడితే, కారణం పరికరంలో కాదు, ఎండకు కాగిన పైనీళ్లలో ఉందని సముద్ర శాస్త్రవేత్తలు తేల్చారు. పీఏబీఆర్‌లోనూ అదే భౌతికశాస్త్రం. రాత్రంతా చల్లారి పైనీరు, కిందినీరు కలిసిపోయిన వేళలో గీత తిన్నగా ఉంటుంది. థర్మామీటరును తాడుకు కట్టి, మీటరుకొకసారి ఆపి చదవడం మా పనిలో మొదటి మెట్టు.

ఇప్పుడు రెండో పుట్టికి చట్రం కడుతున్నాం. 200 మీటర్ల ఎడంతో రెండు పుట్టిలు నిలిపితే మలుపు లేకుండానే దూరం వస్తుంది. 800 మీటర్ల దగ్గర, ఒక్కో పుట్టి దిక్కులో ఒక డిగ్రీ దోషంతో, ఒక్క క్షణపు అంచనాలోనే తేడా 80 మీటర్లకు లోపు. ఎడం 400 మీటర్లకు పెంచితే 40. దీనికి రెండు రికార్డర్ల గడియారాలు సెకనులో పదో వంతు దాకా కలిస్తే చాలు, ఆ సమయంలో బోటు 30 సెంటీమీటర్లే జరుగుతుంది. దిక్సూచి ఆలస్యం మాత్రం రెండు పుట్టిలకూ విడివిడిగా, లంగరు వేసిన స్పీకరు ముందు, సవ్యం ఒకసారి అపసవ్యం ఒకసారి తిప్పి కొలిచిన తర్వాతే బోటును బయల్దేరమంటాం.